వేడి వెతుక్కునే పిల్లి

పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగేలోపు పిల్లిని నిద్రపుచ్చాలి. ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది ఆ పనితోనే.

పిన్ని తువ్వాలుని వేణ్ణీళ్ళలో ముంచి పిండేది. కాక ఎక్కువైందేమోనని ఒకసారి తన బుగ్గకి ఆనించి చూసుకునేది. మంచం అంచున, జుట్టంతా ముందుకేసుకుని వంగి కూర్చున్న అక్క కూతురి వీపు మీద దాన్ని పరిచేది.

"ఎక్కడుంది?"

"ఎడం మోచేతి మడతలో. కదలనంటోంది."

"బుజ్జగించవే."

"గీసింది నువ్వు. నువ్వే బుజ్జగించు."

"గీసింది నేనే. ఈ మొండితనం మాత్రం నా సిరాలో లేదు. నీ ఒంట్లోంచే పట్టింది."

కాసేపటికి సిరా పిల్లి ఒళ్ళు విరుచుకునేది. మోచేతి మడతలోంచి లేచి, భుజమెక్కి, వేడి ఎటునుంచి వస్తోందో కనిపెట్టి, వీపు మధ్యకి దిగి చుట్టచుట్టుకుని పడుకునేది. అప్పుడు పిన్ని తువ్వాలు తీసేసి, పెనం మీద వేయించిన ఉప్పు మూటని సరిగ్గా అక్కడే పెట్టి, జారకుండా పాత గుడ్డతో ఒంటి చుట్టూ బిగించి కట్టేది. దాని మీద యూనిఫాం. మూటలో వేడి మధ్యాహ్నం దాకా నిలిస్తే ఆ రోజు గండం గడిచినట్టే.

పచ్చబొట్టన్నాక తిరుగుతుంది. పూలతీగ వేయించుకున్నవాళ్ళకి వానలు పడితే తీగ ముంజేతి నుంచి భుజం దాకా పాకుతుంది. పాము వేయించుకున్నవాడు చలికాలమంతా పొట్ట మీద బరువుగా ఉందని మూలుగుతాడు. తిరగడం మీద ఎవరికీ పేచీ లేదు. కనబడటం మీదే పేచీ.

పిన్ని అక్క కూతుర్ని ఆసుపత్రిలో అందరూ కొత్తమ్మాయి అనేవాళ్ళు. చేరి చాలాకాలమైనా పేరు పాతబడలేదు, ఎందుకంటే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆపరేషన్ గదుల్లోంచి వచ్చిన కత్తెరలూ పట్టకార్లూ కడిగి, ఆవిరి పట్టి, గుడ్డలో చుట్టి మళ్ళీ పైకి పంపే విభాగంలో పని. కాగితాల మీద దానికేదో పొడుగాటి పేరుంది. మనుషుల నోట్లో మాత్రం అది కడుగుడు గది.

గది బయట రోజూ వరస కట్టాలి. చేతులు మోచేతుల దాకా చాపాలి. ఇన్‌ఛార్జి మేడమ్ తడి దూది పట్టుకుని ఒక్కొక్కరి చెయ్యీ తిప్పి చూసేది, రుద్ది చూసేది. పౌడరు కింద ఏం దాచారో, క్రీము కింద ఏం పడుకుందో. గోళ్ళరంగు కనబడితే తిట్టేది. పచ్చబొట్టు కనబడితే తిట్టేది కాదు, ఇంటికి పంపించేసేది. రోగులు బెదురుతారట. పొట్టలు కోసి కుట్టే చోట, నెత్తురు గుడ్డలు బకెట్లలో మోసుకుపోయే చోట, ఒక బొమ్మని చూసి బెదురుతారట! ఇన్నేళ్ళలో అలా బెదిరిన రోగి ఒక్కడైనా ఎవరికీ తారసపడలేదు. కానీ నియమం మాత్రం తలుపు మీద పెద్దక్షరాల్లో ఉంది.

కొత్తమ్మాయి ఇక్కడికి వచ్చేముందు తిరగని గుమ్మం లేదు. కళ్ళజోళ్ళ షాపులో అన్ని ప్రశ్నలకీ తడుముకోకుండా జవాబులు చెప్పింది. లోపల మాత్రం గుండె దడదడలాడుతోంది. గుండె దడ పుడితే ముఖం వేడెక్కుతుంది, ముఖం వేడెక్కితే పిల్లి ఆగదు. ఎక్కొచ్చి కుడి బుగ్గ మీద కూర్చుంది. "మీ చదువు బాగుందమ్మా," అన్నాడు ఓనరు, ఎంతో మర్యాదగా. "మీ బుగ్గే బాగాలేదు."

ఈ లోపల పిన్ని కుడిచెయ్యి వణకడం మొదలైంది. సూది పట్టుకోలేక పచ్చబొట్ల దుకాణం మూసేసింది. పిల్లి ఆ చెయ్యి నిలకడగా గీసిన ఆఖరి బొమ్మ. ఇద్దరి కడుపులకీ ఇప్పుడున్నది ఈ కడుగుడు గది ఒక్కటే.

లిఫ్టు బాబాయ్ సంగతి ఆమె కళ్ళెదుటే జరిగింది. నడుం కింద బెల్టు చాటున చేపని దాచుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు పాపం. ఒకరోజు అతని కూతుర్నే కాన్పు కష్టమైందని స్ట్రెచర్ మీద తీసుకొచ్చి లిఫ్టులోకి ఎక్కించారు. పై అంతస్తు చేరేలోపు చేప అతని నుదుటి మీద ఈదుతోంది. అదే లిఫ్టులో ఉన్న ఆసుపత్రి పెద్దసారు ఏదో కదిలినట్టు పసిగట్టి, చూసి చెప్పమని ఇన్‌ఛార్జి మేడమ్‌ని పంపాడు. సాయంత్రానికి బాబాయ్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. లిఫ్టు ఎక్కమన్నా ఎక్కలేదు. అంతకుముందే అతను ఇన్‌ఛార్జి మేడమ్ చేతులు పట్టుకుని, "చూడనట్టు ఊరుకోండమ్మా, ఎవరికీ చెప్పకండి," అని అడగడం వరసలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. "నియమం నేను పెట్టింది కాదు," అందామె. చేతులు వదిలించుకుని దూదితో తుడుచుకుంది.

చెరిపించుకోవచ్చు. దానికీ డాక్టర్లున్నారు. పిన్ని దగ్గర చిలక వేయించుకున్న బ్యాంకు అమ్మాయి ఒకతె అలాగే చేసి, ఆ తర్వాత ఒకసారి చూడ్డానికి వచ్చింది.

"కాల్చే లైటు పెట్టగానే పరిగెత్తడం మొదలెట్టింది పిన్నీ. వీపు మీదికి, పొట్ట మీదికి, అరికాళ్ళలోకి. చివరికి దాన్ని మోచేతి దగ్గరికి తరిమి, పైనా కిందా రబ్బరు పట్టీలు బిగించేశారు. ఇక పోయే దారి లేదుగా. నోరు తెరిచి అరుస్తోంది, చప్పుడు లేదు. నేనే దాని బదులు అరిచాను. డాక్టరు, నొప్పిగా ఉందా అమ్మా అని అడిగాడు."

ఆమె చేతి మీద చిలక ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది. అది కదలదు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ మాటలు విన్న రోజు నుంచి కొత్తమ్మాయి చన్నీళ్ళ సింకుకి అతుక్కుపోయింది. నెత్తురంటిన కత్తెరల్ని ముందు చన్నీళ్ళలోనే కడగాలి. వేణ్ణీళ్ళు తగిలితే నెత్తురు గడ్డకట్టి ఇనుముకి పట్టేస్తుంది, ఇక గీరినా పోదు. అందుకని మొదటి సింకులో నీళ్ళు మంచులా ఉంటాయి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులున్నా వేళ్ళు కొయ్యబారిపోతాయి. ఆ సింకు ఎవరికీ వద్దు. ఆమెకి మాత్రం అంతకన్నా పదిలమైన చోటు భూమ్మీద లేదు. చేతుల్లో చలి ఉన్నంతసేపూ పిల్లి అటువైపు తొంగిచూడదు.

"ఏమే, నీకేం పట్టిందే?" పక్క సింకు దగ్గర లావక్క అడిగేది. ఆ గదిలో అందరికన్నా పాత మనిషి ఆవిడ. "చన్నీళ్ళు అనేసరికి పెళ్ళికొడుకు పిలిచినట్టు పరిగెత్తుతావు."

"నాకు ఉక్కపోత ఎక్కువ అక్కా."

"ఉక్కపోతట! పెదాలు నీలంగా ఉన్నాయి, అద్దంలో చూసుకో. నా వంతు కూడా నువ్వే చేస్తున్నావు, నాకేం నష్టం లేదనుకో. కానీ మేడమ్ చూసిందంటే ఏదో ఒకటి చేస్తుంది. మంచిగా పనిచేసేవాళ్ళని ఆవిడ ఊరికే వదలదు."

లావక్క అన్నట్టే అయింది. ఒకరోజు పని దిగేముందు మేడమ్ అందరినీ పిలిచి మధ్యలో నిలబడింది.

"ఈ గదిలో పనిదొంగలు తప్ప మనుషులు లేరనుకున్నాను. అందరూ వేణ్ణీళ్ళ వైపు ఎగబడుతుంటే ఈ అమ్మాయి ఒక్కతే మారుమాట్లాడకుండా చన్నీళ్ళ దగ్గర నిలబడింది. వేళ్ళు చూడండి, ఎలా వాచాయో. రేపట్నుంచి నువ్వు ఆవిరి వైపు రా. వెచ్చగా ఉంటుంది. ఉద్యోగం ఖాయం చెయ్యమని పెద్దసారుకి చెప్పాను. రేపు రౌండుకొచ్చి ఆయనే చూస్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. కొత్తమ్మాయి నవ్వబోయింది. పెదాలు కదల్లేదు. వీపు మీద పిల్లి కళ్ళు తెరిచినట్టు తెలుస్తోంది.

ఆవిరి వైపంటే కడిగిన సామానుని మూటలు కట్టి, మనిషెత్తు యంత్రంలోకి తోసి, ఆవిరి పట్టి, తలుపు తీసి వేడివేడిగా బయటికి లాగే గది. అక్కడ తొడుగులుండవు. కడుక్కున్న చేతులు మోచేతుల దాకా బోసిగా ఉండాలి. చూసేవాళ్ళకోసం నిలువెత్తు అద్దాల కిటికీ కూడా ఉంది.

ఇంటికొచ్చి చెబితే పిన్ని వణికే చేతిని ఎడం చేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదని చెప్పెయ్. రేపు వెళ్ళకు."

"ఎల్లుండి?"

"అయితే చెరిపించేద్దామే. నా చేత్తో గీశాను, నా నోటితోనే అంటున్నాను. బొమ్మ కోసం నీ బతుకు పాడుచేసుకోకు."

"మెల్లగా అను పిన్నీ, వింటోంది."

విననే విన్నది. భుజం మీద కూర్చున్నది ఒక్క దూకున కిందికి పారిపోయింది. ఎక్కడుందా అని ఇద్దరూ వెతికితే ఎడం అరికాలి గుంటలో ముడుచుకుని ఉంది. కొత్తమ్మాయి మంచం మీద కాళ్ళు మడిచి కూర్చుని, దాన్ని అరచేత్తో కప్పింది. చాలాసేపు అలాగే కూర్చుంది.

మర్నాడు ఉప్పు మూట మామూలు కన్నా పెద్దది కట్టారు. చర్మం చురుక్కుమన్నా పళ్ళ బిగువున ఓర్చుకుంది. దారంతా, పడుకో, పడుకో అని లోపల్లోపల గొణుక్కుంటూ నడిచింది.

ఆవిరి గదిలో అడుగు పెట్టగానే చొక్కా ఒంటికి అతుక్కుంది. గోడలు చెమర్చి ఉన్నాయి. యంత్రం బుస్సుమంటూ ఊపిరి వదులుతోంది. లోపల తిరిగే ఆడవాళ్ళు అలవాటైన చేతులతో మూటలు కడుతున్నారు. ఎవరి చేతుల మీదా ఏమీ లేదు. తన చేతులూ వాటిలాగే ఖాళీగా ఉన్నాయి, ప్రస్తుతానికి. ఆమె పని చేస్తూ చేస్తూ క్షణానికోసారి ముంజేతుల వైపు చూసుకుంటోంది. తువ్వాళ్ళ మూట కట్టింది, చూసుకుంది. కత్తెర్ల మూట కట్టింది, చూసుకుంది.

"తలుపు తియ్," అన్నారెవరో.

ఆమె చక్రం తిప్పి తలుపు లాగింది. లోపలున్న వేడంతా ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. అదే క్షణంలో వీపు మీద ఉప్పు మూట ఎందుకూ పనికిరాకుండా పోయింది. పిల్లి లేచింది. తొందరేమీ లేదు దానికి. మెత్తటి అడుగులు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. భుజం. జబ్బ. చొక్కా చేతి అంచు దగ్గర ఆగింది.

కిటికీ అవతల పెద్దసారు వచ్చి నిలబడ్డాడు. బయటి చెప్పులతో లోపలికి రాకూడదు కాబట్టి అద్దం మీద వేలితో కొట్టాడు. "కానివ్వండి మేడమ్. ఒకసారి చేతులు చూసి చెప్పండి, ఖాయం చేసేద్దాం."

మేడమ్ తడి దూదితో వచ్చింది. అద్దానికి వీపు పెట్టి, కొత్తమ్మాయి ఎదురుగా నిలబడింది. ముఖం జేవురించి ఉంది. నెలసరి ఆగిపోయే వయసు ఆమెది. వేళాపాళా లేకుండా లోపల్నుంచి సెగలు తన్నుకొస్తాయి. ఈ గదిలో అయితే ఇక చెప్పక్కర్లేదు, మెడ మీద చెమట ధారలు కడుతోంది.

"చాపు."

కొత్తమ్మాయి చేతులు చాపింది. ఇంకేముంది, అయిపోయింది అనుకుంది. రేపట్నుంచి ఏ గుమ్మం ముందు నిలబడాలో ఆలోచించబోయింది, ఒక్క గుమ్మమూ గుర్తుకు రాలేదు.

మేడమ్ వేళ్ళు ఆమె మణికట్టు చుట్టూ బిగిశాయి. ఆ వేళ్ళు కాలిపోతున్నాయి.

పిల్లి చొక్కా చాటునుంచి బయటికి వచ్చింది. ముంజేతి మీద నడుచుకుంటూ, మేడమ్ చూస్తుండగా, దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోగా, మణికట్టు దాకా వచ్చి వాసన చూసింది. కొత్తమ్మాయి ఒంటికీ మేడమ్ ఒంటికీ మధ్య ఏం తేడా కనిపెట్టిందో ఏమో, ఒక కాలు అటు వేసింది. ఇంకో కాలు వేసింది. తోక చివర కూడా అటువైపుకి దాటిపోయింది.

కొత్తమ్మాయి చెయ్యి బోసిగా మిగిలింది. మేడమ్ ముంజేతి మీద పిల్లి కూర్చుని తోక చుట్టుకుంది.

"ఏమంటారు? శుభ్రంగా ఉందా?" అద్దం వెనకనుంచి పెద్దసారు.

మేడమ్ వెనక్కి తిరగలేదు. ఆమె కళ్ళు కొత్తమ్మాయి కళ్ళలోకి చూస్తున్నాయి. ఆ చూపు కొత్తమ్మాయికి బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే.

"అమ్మాయి చేతులు శుభ్రంగా ఉన్నాయి సార్."

"అయితే ఖాయం. మీరొకసారి ఇలా రండి, కొత్త లిఫ్టువాడి సంగతి మాట్లాడాలి."

"ఇప్పుడు కుదరదు సార్. చేతులు కడుక్కున్నాను. కడుక్కున్న చేతులతో బయటికి రాకూడదు."

"అవునవును," అన్నాడాయన. నియమాలంటే ఆయనకి గౌరవం. వెళ్ళిపోయాడు.

గదిలో ఆడవాళ్ళందరూ చూశారు. అందరూ చూడనట్టే మూటలు కట్టడంలో పడ్డారు.

మధ్యాహ్నం మేడమ్ ఆమెని దుప్పట్లు పేర్చే గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"తీసేసుకో."

"మేడమ్..."

"నీదేగా? పిలు. తీసేసుకుని ఫో."

కొత్తమ్మాయి ఆమె చేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. ఊదింది. రుద్దింది. పిల్లి చెవులైనా కదపలేదు.

"రాదు మేడమ్. మీరే వేడిగా ఉన్నారు."

"ఇరవయ్యేళ్ళ సర్వీసే నాది! ఇది చూస్తే ఆయన..." మేడమ్ చెయ్యి వెనక్కి లాక్కుంది. "సరే. రేపు సెలవు పెడతాను. చెరిపించేసుకుంటాను."

కొత్తమ్మాయికి కళ్ళ ముందు రబ్బరు పట్టీలు కనబడ్డాయి. నోరు తెరిచి చప్పుడు లేకుండా అరిచే చిలక కనబడింది. ఇందాక ఖాయమైన ఉద్యోగం ఇంకా ఒక పూట పాతబడలేదు.

"వద్దు. చెరిపించకండి. సారు దగ్గరికి వెళ్ళి నాదేనని చెప్పేస్తాను. మీకంటించింది నేనేనని చెబుతాను. ఉద్యోగం వద్దు నాకు." తలుపు గడియ మీద చెయ్యేసింది.

"ఆగు!"

మేడమ్‌కి మళ్ళీ సెగ మొదలైంది. గుండెల మీంచి మెడ దాకా ఎర్రగా పాకుతోంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది, విసురుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి తడిమింది. పిల్లి మాత్రం పండగ దొరికినట్టు జబ్బ మీంచి పరిగెత్తి, కాలర్ కిందికి దూరి, గుండెల మీద పడుకుంది.

కాసేపటికి మేడమ్ కళ్ళు తెరిచింది. మెడ మీది ఎరుపు దిగిపోతోంది.

"ఇదేంటే... చల్లబడింది."

"అది వేడి తాగేస్తుంది మేడమ్. పడుకున్న చోటు చల్లగా అయిపోతుంది. చలికాలంలో నాకు వణుకు."

మేడమ్ దుప్పట్ల కట్ట మీద కూలబడింది. గుండెల మీద చెయ్యి వేసుకుంది, మెల్లగా, కింద ఉన్నది లేస్తుందేమో అన్నట్టు. "నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో తెలుసా? మందులన్నీ మింగాను. తడిగుడ్డలు కప్పుకుని పడుకున్నాను." కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఇది రోజూ ఇలాగే చేస్తుందా?"

"చేస్తుంది."

బయట ట్రాలీ చక్రాలు కిర్రుమంటూ పోయాయి.

"చెరిపించను," అంది మేడమ్. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు."

కొత్తమ్మాయికి ఒక్క క్షణం భయం లేకుండా పోయింది. "లిఫ్టు బాబాయ్ కూడా మిమ్మల్ని అదే అడిగాడు మేడమ్."

మేడమ్ చొక్కా పై గుండీ కూడా పెట్టుకుంది.

ఇంట్లో పిన్ని మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ తువ్వాలు పిండి వీపు మీద పరిచింది. ఇద్దరూ ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

"ఆవిడ బాగా చూసుకుంటుందా?" అంది పిన్ని.

"భయపడుతుంది పిన్నీ."

"పోన్లే, వెచ్చగా ఉంటుంది దానికి," అని పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చాలాసేపు బయటికి రాలేదు.

ఆసుపత్రిలో అందరూ వరస కట్టి చేతులు చాపారు. మేడమ్ వచ్చింది. చేతిలో దూది లేదు.

"ఇకనుంచి ఎవరి చేతులు వాళ్ళే చూసుకోండి. నాకు వంద పనులున్నాయి. పదండి లోపలికి."

"ఈవిడకేం తిక్క పుట్టిందే?" అని లావక్క గొణిగింది. గొణుగుతూనే కొత్తమ్మాయి కళ్ళ ముందు చొక్కా చెయ్యి కాస్త పైకి లాక్కుంది. ఎన్నేళ్ళుగా చంకలో దాక్కుందో గానీ, సిరా చీమల బారు ఒకటి భయంభయంగా ముంజేతి మీదికి దిగింది. లావక్క దాని వైపు చూడనట్టే నటిస్తూ సింకులో నీళ్ళు వదిలింది.

ఆవిరి గదిలో కొత్తమ్మాయి బోసి చేతులతో మూటలు కడుతోంది. ఇప్పుడు వాటి వైపు చూసుకోవలసిన పని లేదు. అయినా చూసుకుంటోంది. వాటి మీద ఏమీ లేకపోవడం ఇంకా అలవాటు కాలేదు.

వరండాలో బూట్ల చప్పుడు వినబడింది. పెద్దసారు రౌండు. మేడమ్ మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేసింది. ఒకడుగు వెనక్కి వేసి సామాను బీరువా చాటుకి వచ్చి, కొత్తమ్మాయి వైపు మెడ తిప్పి చూపించింది. గొంతు దగ్గర నరం టకటకా కొట్టుకుంటోంది.

"కనబడుతోందా?" అంది, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

కాలర్ పైన రెండు చెవులు, ఆ తర్వాత కళ్ళు. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. కొత్తమ్మాయి చేతిలో మూట కింద పెట్టి, కిటికీకీ మేడమ్‌కీ మధ్యకి వచ్చి నిలబడింది.

"కనబడుతోంది మేడమ్. భయపడకండి. భయపడితే ఇంకా పైకొస్తుంది."